అప్పగింత కాగితము

తెలుగువారి పెండ్లిలో అప్పగింతలు అను ఘట్టమొకటి కలదు. వధువు చేతులను పాలలో ముంచి, అత్తమామల చేతులలో నుంచి, ఇంతకాలము మా బిడ్డ, ఇకమీదట మీ బిడ్డ యని తల్లిదండ్రులు చెప్పుదురు. ఆ సమయమున కన్ను చెమర్చని వారుండరు. పెరిగి పెద్దదై, తన మంచిచెడ్డలు తాను చెప్పుకొనగల కన్యను అప్పగించుటకు మనకింత తంతు కలదు. నోరు లేని పసిబిడ్డను ఒక పూటకో, ఒక దినమునకో పరుల చేతిలో నుంచి పోవునప్పుడు మాత్రము ఏ తంతును లేదు. చెప్పులు తొడుగుకొనుచు, "జాగ్రత్తగా చూచుకొమ్ము" అని రెండు మాటలు పలికి వాకిలి దాటుదుము. ఆ రెండు మాటలలో ఏమేమి యిమిడియున్నవో చెప్పినవారికిని తెలియదు, విన్నవారికిని తెలియదు.

బిడ్డను చూచుకొను మనిషికి ఏమి చెప్పవలెను? ఎంత చెప్పవలెను? ఎట్లు చెప్పవలెను? ఇది యింటి సంగతిగా కనబడును గాని, విచారించినచో ధర్మవిచారమే. ఏలయనగా ఇచట మువ్వురున్నారు: మాట చెప్పువారు, మాట వినువారు, ఆ మాటవలన మేలో కీడో పొందు బిడ్డ. మూడవవారికి నోరు లేదు. నోరు లేనివారి పక్షమున సూచనలు వ్రాయునప్పుడు మనము నిజముగా వారి పక్షమున వ్రాయుచున్నామా, లేక మన పక్షమున వ్రాసికొనుచున్నామా? ఈ వ్యాసమున నేను అడుగదలచిన ప్రశ్న యిదియే. నేను పండితుడను గాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, ఒక కచేరీలో ముప్పదియెనిమిది సంవత్సరములు గుమాస్తాగా కాగితములు వ్రాసి, వయసు మీరి విరమించిన వాడను. అయినను కాగితము వ్రాయుటయందలి దోషమును నేను నా యింటనే తెలిసికొంటిని గావున, ఆ సంగతి పాఠకులకు విన్నవించుట తప్పు గాదని తలచుచున్నాను.

మొదట మన పెద్దలు ఏమనిరో చూతము. మహాభారతము ఆదిపర్వమున మాద్రి తన కవలలను కుంతికి అప్పగించు సందర్భము కలదు. పాండురాజు గతించిన పిదప ఆమె కుంతితో పలికిన మాటల భావమిది: నేను బ్రదికియున్నచో నీ బిడ్డలను నా బిడ్డలతో సమముగా చూడలేకపోవుదును, నీవు మాత్రము నా బిడ్డలను నీ బిడ్డలవలె చూడవలెను. బిడ్డల నప్పగించుటలో ఇంతకంటె పొట్టి సూచన మరియొకటి యుండదు. ఇందొక విశేషము గమనింపదగినది. మాద్రి మొదట తన లోపమును ఒప్పుకొనినది. పిదపనే ఎదుటివారిని కోరినది. ఎదుటి మనిషి తనకంటె మేలని యొప్పుకొనుటచేతనే ఆమె అప్పగింతకు బలము కలిగినది.

కాని నీ బిడ్డవలె చూడుమన్న మాట యన్నిచోట్లను చాలదు. కుంతి మాద్రితోపాటు ఆ యడవిలోనే యుండెను. కవలలు ఏమి తిందురో, ఎప్పుడు నిద్రింతురో, దేనికి బెదరుదురో ఆమెకు ముందే తెలియును. నేడు మన బిడ్డను చూచుటకు వచ్చు మనిషికి మన యిల్లే క్రొత్త. ఆమె ఎంత ప్రేమగలదియైనను, కిరసనాయిలు సీసా ఏ మూలనున్నదో ప్రేమవలన తెలియదు. ప్రేమకు తోడుగా తెలివిడి కావలెను. ఆ తెలివిడి నిచ్చుట అప్పగించువాని విధి.

ఈ విధిని మన వైద్యులు మిక్కిలి శ్రద్ధతో నిర్వర్తించిరి. ఆయుర్వేదమున కౌమారభృత్యము అను ప్రత్యేకశాఖ యున్నది. చరకసంహిత శారీరస్థానము ఎనిమిదవ అధ్యాయమున దాది యెట్లుండవలెనో, శిశువుండు గది యెట్లుండవలెనో చెప్పబడినది. ఆటవస్తువులు రంగురంగులుగా, సవ్వడి చేయునవిగా, మనోహరముగా నుండవలెనట. బరువైనవి, మొన వాడియైనవి, నోటిలో దూరునవి, భయము గొలుపునవి కారాదట. బిడ్డ యేడ్చినప్పుడును, తిననప్పుడును రాక్షసుల పేరో పిశాచముల పేరో చెప్పి బెదరింపరాదనియు అచ్చటనే యున్నది. బూచివాడు వచ్చునని చెప్పి నా బిడ్డలకు అన్నము పెట్టిన వాడను గనుక, ఆ భాగము మొదటిసారి తెలిసినప్పుడు నాకు సిగ్గు కలిగినది. ఈ సూచనలలో ప్రతిదానికిని కారణము పైకి కనబడుచున్నది. నోటిలో దూరు వస్తువు గొంతున అడ్డుపడును. ఈ మాట చెప్పుటకు బెదరింపు అక్కరలేదు, అధికారము అక్కరలేదు. విన్నవారికి తలకెక్కును.

ఇక నా కథ. మాది బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలోని బండ్రి. 1949 వరకు సండూరు ఘోర్పడే వంశపు సంస్థానము. 1953 అక్టోబరు 1వ తేదీన బళ్ళారి జిల్లా చీలి, ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకు పోయినవి. తక్కిన భాగము మైసూరు పాలైనది. రేఖ కాగితముమీద గీయబడినది గాని నాలుకలమీద గీయబడలేదు. ఇచట ఒక వాక్యము తెలుగున మొదలై కన్నడమున ముగియును. మా రాయలసీమ తెలుగున అవ్వ యనగా తల్లిదండ్రుల తల్లి. ఇచటి కన్నడ పల్లెలలో తల్లినే అవ్వ యందురు. మాట యొక్కటే, బంధుత్వములు రెండు.

కొన్ని యేండ్ల క్రిందట నా భార్యకు కంటి శుక్లమునకు శస్త్రచికిత్స చేయింపవలసివచ్చి, బళ్ళారిలో మూడు దినములుండవలసిన యవసరము కలిగినది. కుమారుడు గనులలో ఉద్యోగి. కోడలు ఉపాధ్యాయురాలు, పరీక్షల దినములగుటచే ఆమెకు సెలవు దొరకలేదు. మనుమరాలికి అప్పటికి ఏడాదిన్నర. ఆ మూడు దినములు పగటివేళ బిడ్డను చూచుటకు మా వీధి చివర, ఆవలి వాడలో నుండు ఒక యమ్మను కుదుర్చుకొంటిమి. నలుగురు బిడ్డలను పెంచిన మనిషి. తెలుగు చక్కగా మాటాడును గాని, తెలుగు లిపి చదువలేదు. చదివినది కన్నడము, అదియు నాలుగవ తరగతి వరకే.

ముందునాటి రాత్రి నేను కూర్చుండి పెద్ద కాగితమునకు రెండువైపుల సూచనలు వ్రాసితిని. ఎడమప్రక్క అంచు విడిచి, సంఖ్యలు వేసి, ముప్పదిరెండు అంశములు వ్రాసి, క్రింద తేది వేసితిని. మరునాటి యుదయమున ఆమెను నిలువబెట్టి అన్నియు చదివి వినిపించితిని. అంతటితో నూరకుండక, చదివి వినిపింపగా తెలిసికొంటిని అని క్రింద వ్రాసి ఆమెచేత సంతకము చేయించితిని. కచేరీలో వాఙ్మూలములు వ్రాసిన చేయి గదా! ఆమె మారుమాటాడక, అక్షరము అక్షరము కూడబలుకుకొని కన్నడమున పేరు వ్రాసినది.

ముప్పదిరెండింటిలో పదునేడవది, ఏ కారణము చేతను బిడ్డతో గడప దాటరాదు అనునది. దానిని రెండుమార్లు గట్టిగా చదివితిని. ఎండ తగులుననియు, వీధిలో బండ్లు తిరుగుననియు కారణములు చెప్పితిని. అవి అబద్ధములు గావు. కాని నా మనసులో నున్న అసలు కారణము వేరు. ఆమె బిడ్డను తన వాడకు తీసికొనిపోవునేమో, అచట ఎవరియింట ఏమి తినిపించునో యన్న సంకోచము నన్ను పట్టియుండెను. ఇన్నాళ్ళకు ఈ మాట వ్రాయుటకు నా కలము వెనుదీయుచున్నది. అయినను వ్రాయకున్న ఈ వ్యాసమునకు అర్థము లేదు.

రెండవదినము మధ్యాహ్నము బిడ్డకు జ్వరము తగిలినది. చూచుచుండగనే కన్నులు తేలవేసి, కాలుసేతులు కొట్టుకొన్నది. జ్వరపు మూర్ఛ, లోకులు ఫిట్సు అందురు. ఆమె ఫోను చేసినది. నేను ఆసుపత్రిలో నుండి ఫోను కట్టివేసియుంటిని. కోడలి ఫోను పరీక్షగదికి వెలుపల నున్నది. కుమారుడున్నచోట సంకేతము అందదు. మూర్ఛ రెండు మూడు నిమిషములలో తగ్గినదట. పిదప బిడ్డ వాడిపోయి, పిలిచినను పలుకక పడియుండెను. ఆమె బిడ్డను భుజమున వేసికొని గడపయొద్ద నిలిచి, మరల మరల ఫోను చేయుచు, దాదాపు అరగంట గడపినదట. తుదకు ఎదురింటి పిల్లవాడు మోటారుసైకిలు తీయగా, గడప దాటి వైద్యునియొద్దకు కొనిపోయినది.

బిడ్డకు ఏమియు కాలేదు. ఇట్టి మూర్ఛలు ఆరు నెలలకును అయిదేండ్లకును నడుమ వయసు పిల్లలకు జ్వరములో వచ్చుట కద్దనియు, పెక్కుమార్లు హాని చేయవనియు, ఐనను మొదటిసారి వచ్చినప్పుడు ఆలస్యము చేయక చూపవలెననియు వైద్యుడు చెప్పెను. మేము పరుగున ఇల్లు చేరునప్పటికి మనుమరాలు ఆమె యొడిలో ఆడుకొనుచున్నది. నన్ను చూడగనే ఆమె లేచి నిలిచి, "గడప దాటినానయ్యా, తప్పయింది. మీరు దాటొద్దంటిరి" అన్నది.

నేను ఆమెకు చేతులెత్తి మ్రొక్కవలసిన వేళ ఆమె నన్ను క్షమాపణ అడిగినది. ఆ మాట నా చెవిలో నేటికిని మ్రోగుచున్నది.

ఆ రాత్రి ఆ కాగితమును మరల చదివికొంటిని. పాలు ఎంత వెచ్చగా నుండవలెనో యున్నది. ఏ గిన్నె వాడవలెనో, ఏ గిన్నె ముట్టరాదో యున్నది. బిడ్డకు ఆపద కలిగినచో ఏమి చేయవలెనో ముప్పదిరెండింటిలో నొకటియు లేదు. మమ్ము అడుగవలెనని మాత్రము నాలుగుచోట్ల నున్నది. మేము దొరకనిచో నేమి చేయవలెనో లేదు.

కచేరీలలో రెండు విధముల కాగితములుండునని అనుభవజ్ఞు లెరుగుదురు. పని జరుగుటకు వ్రాయునది యొకటి. పని చెడినప్పుడు మనమీదికి రాకుండుటకు వ్రాయునది మరియొకటి. రెండును చూచుటకు ఒక్కతీరుననే యుండును, రెంటికిని సంఖ్యలుండును, సంతకములుండును. భేదము తెలియవలెనన్న ఒక్క ప్రశ్న చాలును: ఈ కాగితము చదువు గడియలో ఎవరికి పనికివచ్చును? నా కాగితము ఆ మధ్యాహ్నము గడపయొద్ద నిలిచిన ఆ తల్లికి పనికిరాలేదు, బిడ్డకును పనికిరాలేదు. మరునాడు ఆమెపై తప్పు మోపదలచినచో నాకు మాత్రము చక్కగా పనికివచ్చియుండును. అది తాతయొక్క కాగితమువలె గాక, గుమాస్తా కాగితముగా తయారైనది.

ఇట్లన్నంతమాత్రమున సూచనలు వ్రాయవలదని నా భావము గాదు. వ్రాయవలెను. కొద్దిగా వ్రాయవలెను, చదువువారి లిపిలో వ్రాయవలెను, ఆపదను మొదట వ్రాయవలెను. 108, 112 అను సంఖ్యలు, సమీపవైద్యుని యిల్లు, పొరుగున బండి గలవారి పేరు, బిడ్డ బరువు, పడని మందులు పైనుండవలెను. మూర్ఛ వచ్చినచో బిడ్డను ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెననియు, నోటిలో చెంచా గాని నీరు గాని పెట్టరాదనియు, చేతిలో తాళపుచెవి యుంచుటవలన ప్రయోజనము లేదనియు, అయిదు నిమిషములు మించినచో క్షణమాగక ఆసుపత్రికి పోవలెననియు వ్రాయవలెను. మా ప్రాంతమున వేరుసెనగ లేని యిల్లుండదు. ఆ గింజలు, పుట్నాలు, చింతపిక్కలు పసివారి ఊపిరికి శత్రువులు. స్నానపు తొట్టిలో జానెడు నీరున్నను నడక నేర్చిన బిడ్డకు ప్రాణాపాయమే. కిరసనాయిలు త్రాగిన బిడ్డచేత వాంతి చేయింపరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. విరేచనములైనచో లీటరు మంచినీటిలో ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు తలగొట్టి కలిపి కొద్దికొద్దిగా త్రాగింపవలెను. ఇవి పది పంక్తులకు మించవు. ప్రతిదానికిని కారణము చెప్పవచ్చును, చెప్పవలెను.

కారణము చెప్పుట యెంత ముఖ్యమో మా బంధువులలో నొక పెద్దమ్మ యనుభవమువలన నాకు స్పష్టమైనది. ఆమె కుమార్తె కాన్పునకై అమెరికా వెళ్ళినది. నేడు వేలకొలది తెలుగు అమ్మమ్మలు, నాయనమ్మలు ఇట్లు పోయి, ఆరు నెలలుండి, మనుమలను పెంచి వచ్చుచున్నారు. అచట శీతలపేటిక తలుపునకు కుమార్తె యొక కాగితము అంటించినదట: పసిబిడ్డను వెల్లకిలనే పరుండబెట్టవలెను, ఏడాది నిండువరకు తేనె నాకింపరాదు అని. "నిన్ను పెంచిన చేతికే కాగితమిస్తివా" అని ఆ తల్లి రెండు దినములు మాటాడలేదట. ఆమె బాధయందు న్యాయము కలదు. కుమార్తె జాగ్రత్తయందును న్యాయము కలదు. 1994లో అమెరికాలో శిశువులను వెల్లకిల పరుండబెట్టుమని ప్రచారము సాగించిన పిదప, నిద్రలో కారణము తెలియక శిశువులు మరణించుట సుమారు సగమునకు తగ్గినది. తేనెలోని యొక సూక్ష్మజీవి ఏడాదిలోపు బిడ్డకు పక్షవాతము వంటి వ్యాధి కలిగింపగలదు. ఈ సంగతులు మన తల్లుల కాలమున ఎవరికిని తెలియవు. కుమార్తె వీనిని కాగితమునకు చెప్పక తల్లికి చెప్పినప్పుడు, ఆమె తానుగా తేనెసీసాను దాచివేసినదట. కారణము తెలిసినవారు నియమము లేనిచోట కూడ సరిగా నడతురు. నియమము మాత్రమే తెలిసినవారు, పాపము, గడపయొద్ద నిలిచిపోవుదురు.

మరియొక మాట. సూచనల కాగితమున బిడ్డకు ఏమి కావలెనో వ్రాయుదుము గాని, బిడ్డను చూచు మనిషికి ఏమి కావలెనో వ్రాయము. ఆమె ఏ వేళకు తినును? ఏ వేళకు ఇంటికి పోవును? ఎంత కూలి? ఆమె బిడ్డ నెవరు చూతురు? ఆయా యను మాటను పోర్చుగీసువారు మనకు విడిచిపోయిరి. ఆ మాటతోపాటు, అది ఎవరైనను చేయగల చులకన పని యను భావమును మనము చేర్చుకొంటిమి. మన చట్టములు ఈ విషయమున మనకంటె ముందున్నవి. 1975 అక్టోబరు 2వ తేదీన దేశమున 33 చోట్ల మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకమువలన అంగన్‌వాడీలు వచ్చినవి. నాటి కర్ణాటకమున టి. నరసీపురము వానిలో నొకటి. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము, పనిచోటికి ఆరేండ్లలోపు బిడ్డలు అయిదుగురో అంతకు మించియో వచ్చినచో, వారిని చూచుటకు ఒక స్త్రీని నియమించి ఆమెకును కూలి యియ్యవలెనని విధించినది. కర్ణాటక ప్రభుత్వము 2023-24 బడ్జెటులో కూలికి పోవు తల్లుల బిడ్డలకై గ్రామ పంచాయతీలలో 4,000 శిశువిహారములను ప్రకటించి, వానికి కూసిన మనె, అనగా పసిబిడ్డ యిల్లు, అని పేరిడినది. మన్ను త్రవ్వుట యెట్లు పనియో, బిడ్డను చూచుటయు అట్లే పని యని ఇందువలన తేలుచున్నది. కూలి సరిగా నిచ్చి, పేరుపెట్టి పిలిచి, మన పళ్ళెమున అన్నము పెట్టిన మనిషికి మాత్రమే మన బిడ్డను అప్పగించు హక్కు మనకు కలదని నాకిప్పుడు తోచుచున్నది.

కడపటి సంగతి చెప్పి ముగింతును. ఆ పిదపకూడ ఆ యమ్మయే మా బిడ్డను చూచినది. క్రొత్త కాగితమును నేను వ్రాయలేదు. హైస్కూలులో చదువు ఆమె కుమార్తె ప్రక్కన కూర్చుండగా, మేము చెప్పినవి, ఆమె చెప్పినవి కన్నడమున ఆ పిల్లయే వ్రాసినది. మొదటి పంక్తి యిది: బిడ్డకు ఆపద యని నీకు తోచినచో గడప దాటుము, ఎవరిని అడుగనక్కరలేదు. కడపటి పంక్తి ఆమె మాకు చెప్పిన సూచన. నిద్రకు ముందు బిడ్డ కుడిచెవి పట్టుకొని యేడ్చును. అది ఆకలి కాదు, పాలు పట్టవద్దు, వీపు నిమిరినచో చాలును అని. ఏడాదిన్నర ఆ బిడ్డతో ఒకే యింట నుండియు నాకు తెలియని సంగతి, మూడు దినములలో ఆమెకు తెలిసినది. సూచన యనునది ఒక వైపునుండియే పోవునది గాదని అప్పుడు గ్రహించితిని.

పాత కాగితమును నేను చింపలేదు. సంతకముతో సహా నా పెట్టెలో నున్నది. అపుడపుడు తీసి, ఆ కన్నడపు టక్షరములను చూచుకొనుచుందును. మనుమరాలు ఇప్పుడు బడికి పోవుచున్నది. దారిలో ఆమె యిల్లు కనబడగనే అవ్వా యని పిలుచును. తెలుగు అర్థమున పిలుచునో, కన్నడపు అర్థమున పిలుచునో నేనెన్నడును అడుగలేదు.